నా పేరు మీద బోణీ

నా చెయ్యి మంచిదని మా యజమాని కనిపెట్టేనాటికి నేను డిగ్రీ చేసి, టైపు నేర్చుకుని, అప్పుడే ఉద్యోగంలో చేరిన పిల్లని. ఆ వయసులో ఎవరైనా మనలో ఏదో ఒకటి మంచిదంటే కాదనబుద్ధి కాదు. నేను నమ్మలేదు గానీ ఊరుకున్నాను. ఆ మాటతో పాటు జీతం కూడా పెరిగింది మరి, ఎవరికి చేదు?

తొంభైలు ముగుస్తున్న రోజులవి. పటమటలో మా ఆఫీసు. రొయ్యల చెరువులకీ చేపల చెరువులకీ మేత సప్లై చేసే కంపెనీ. గన్నవరం దారిలో గోడౌను, కైకలూరు, గుడివాడ, బందరుల్లో బ్రాంచీలు. పెద్ద కంపెనీ అనడానికి లేదు, చిన్నదంటే యజమాని ఊరుకోరు. నేను చేరిన నాడే, జమాఖర్చులు రాసే రోజు పుస్తకంలో మొదటి ఖర్చు నాతో రాయించారు. దేవుడి పటానికి పూలు, కర్పూరం, పదకొండు రూపాయలు. అదే మధ్యాహ్నం, ఎన్నాళ్ళ నుంచో తిప్పించుకుంటున్న ఒక పెద్ద మేత కంపెనీ ఏజెన్సీ మాకే ఇస్తున్నామని ఫోను చేసింది. యజమాని గదిలోంచి బయటికొచ్చి, ఇవాళ పుస్తకంలో మొదట రాసిందెవరని అడిగారు. తప్పేదో రాశాననుకుంటూనే చెయ్యెత్తాను.

అప్పట్నుంచి ఆఫీసులో రోజూ బోణీ నాదే. నేను ఆ పూలు, కర్పూరం రాసేదాకా ఎవరూ కలం ముట్టుకోకూడదు. నా పక్క బల్ల సీనియర్ అకౌంటెంటుది. వించిపేట నుంచి సైకిలు మీద వచ్చేవారు. అందరం భాయ్ గారనేవాళ్ళం. నా బస్సు ఆలస్యమైతే ఆయన కలం మూత తీసి పెట్టుకుని కూర్చునేవారు. నేను వచ్చాక, మేడమ్ గారు దయ చూపిస్తే మేమూ పని మొదలెట్టుకుంటామని వెక్కిరించేవారు. ఆయనకి ఈ బోణీల మీద నమ్మకం లేదు, నాకూ లేదు. ఇద్దరం కలిసి యజమాని వెనక నవ్వుకునేవాళ్ళం.

ఒకసారి ఉయ్యూరులో మా చెల్లెలి నిశ్చితార్థానికి సెలవు పెట్టాను. పొద్దున్నే పెద్దమ్మ వాళ్ళింటి ముందు కంపెనీ జీపు ఆగింది. చెరుకు లారీల మధ్య ఇరుక్కుని వచ్చాడేమో డ్రైవరు చెమటలు కక్కుతున్నాడు. చేతుల్లో ఎర్ర గుడ్డలో చుట్టిన రోజు పుస్తకం. పసుపు చేతుల్తోనే ఆ ఒక్క లైనూ రాసిచ్చాను. పుస్తకాన్ని కళ్ళకద్దుకుని వాడు వెళ్ళిపోయాడు. మా అత్తలు పడీపడీ నవ్వారు, నన్ను బోణీ లక్ష్మి అని చాలాకాలం ఏడిపించారు. నేనూ నవ్వాను. పెద్దమ్మ ఒక్కత్తే నవ్వలేదు. "ఎక్కడున్నా వెతుక్కుంటూ వచ్చేస్తారా ఏంటే వీళ్ళు?" అంది.

తర్వాత కొన్నేళ్ళకి లెక్కలు కంప్యూటర్లోకి వెళ్ళాయి. ఇంకొన్నేళ్ళకి ఆ కంప్యూటర్లోంచి కూడా బయటికెళ్ళిపోయాయి. ఇప్పుడందరూ క్లౌడ్ అంటున్నారే, ఆ మాట అప్పటికి మా దాకా రాలేదు. ఆన్‌లైన్ ప్యాకేజీ అనేవాళ్ళం. బ్రాంచీల లెక్కలన్నీ ఒకేచోట, ఎప్పటికప్పుడు కనపడతాయని చెప్పి హైదరాబాదు నుంచి ఒకతను వచ్చి నేర్పాడు. మా లెక్కలు మరి ఎక్కడ ఉంటాయండీ అని యజమాని అడిగితే, పైన ఉంటాయి సార్, మీకు భయం లేదు అన్నాడు. యజమాని నిజంగానే పైకి చూశారు. ఫ్యాను తిరుగుతోంది. ఆయన మొహంలో భక్తి చూసి భాయ్ గారు దగ్గు వచ్చినట్టు నటించి బయటికెళ్ళారు.

అందరికీ తలా ఒక పేరు, తలా ఒక పాస్‌వర్డు ఇచ్చారు. ఏ ఎంట్రీ కొట్టినా పక్కనే కొట్టినవాళ్ళ పేరు, టైము పడతాయి. తప్పు పడితే దిద్దుకోవడానికి ఇంకో ఎంట్రీ వెయ్యాలే గానీ పాతది చెరగదు. అది గొప్పగా చెప్పాడు ఆ కుర్రాడు. నాకేమో వినగానే ఎందుకో నచ్చలేదు. పుస్తకంలో నా అక్షరాలు నావని ఎవరైనా గుర్తుపడతారు. ఇందులో అందరి అక్షరాలూ ఒకటే, పేరొక్కటే వేరు. ఆ మాట భాయ్ గారితో అంటే, మీకు మరీ అనుమానమండీ అని కొట్టిపారేశారు.

నాకు పెళ్ళయి, కడుపుతో ఉండి సెలవు పెట్టే రోజు వచ్చింది. యజమాని నన్ను గదిలోకి పిలిచి, ఆపిల్ పళ్ళ సంచీ ఇచ్చి, ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి, తర్వాత నా పాస్‌వర్డు అడిగారు. ఇప్పుడు జీపు పంపే పని లేదు కదమ్మా, నువ్వెక్కడున్నా నీ పేరు మీద బోణీ పడిపోద్ది అన్నారు. ఆయన ఎంత సంబరపడ్డారంటే, కాదంటే పండగపూట ఏడ్చినట్టుంటుంది. రాసిచ్చాను. ఆయన ఆ చీటీకి పసుపు బొట్టు పెట్టి, హాల్లో దేవుడి పటం కింద అంటించారు. రోజూ ఊదొత్తులు దానికి కూడా తిప్పేవారట. ఇది నాకు భాయ్ గారు ఆసుపత్రికి చూడ్డానికొచ్చి చెబితే కుట్లు పిగిలేలా నవ్వాను.

పాప పుట్టిన కొన్నాళ్ళకి మళ్ళీ డ్యూటీలో చేరాను. రోహిణీ కార్తె. రోడ్డు మీద తారు చెప్పులకి అంటుకుంటోంది. స్టాకు లెక్క సరి చూస్తూ ఒక ఎంట్రీ దగ్గర ఆగిపోయాను. గోడౌనులో తడిసి బూజుపట్టిన మేత బస్తాలు, పారేసినట్టు. వర్షాకాలంలో అలాంటివి మామూలే. కానీ ఈ ఎంట్రీ నిన్నటిది. రోహిణీ కార్తెలో, పిట్టలు రాలిపోయే ఎండలో, గన్నవరం దారిలో మేత బస్తాలు ఎలా తడిశాయి? పక్కన పేరు చూశాను. నా పేరే.

వెనక్కి వెళ్ళి చూసుకుంటూ పోయాను. నేను పురుడు పోసుకున్న వారంలో తడిపాను. పాపకి బారసాల చేసిన రోజు తడిపాను. నేను ఇంట్లో కాఫీ కలుపుకుంటున్న పొద్దుల్లో, ఇక్కడ నా పేరు కూర్చుని బస్తాలు బస్తాలు తడిపేస్తోంది. చలికాలంలో కూడా వాన కురిసింది నా పేరు మీద. ఆ బస్తాలన్నీ ఎక్కడికి పోయాయో ఊహించడానికి పెద్ద చదువక్కర్లేదు, బిల్లు లేకుండా అమ్ముడై ఏ చెరువు గట్టుకో చేరి ఉంటాయి. భాయ్ గారిని పిలిచి చూపించాను. ఆయన చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఎప్పుడూ వెక్కిరించే మనిషి తన బల్ల దగ్గరికెళ్ళి వేరే ఫైలు తెరుచుకున్నారు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

యజమానిని అడిగితే, గోడౌను రేకులు కారుతున్నాయమ్మా, ఎలుకలు కూడా అన్నారు. ఎలుకలు తడుపుతాయా సార్ అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఆ సాయంత్రమే పాస్‌వర్డు మార్చేశాను. తెల్లారి నాకంటే ముందే ఆయన ఆఫీసులో ఉన్నారు. మొహం మాడిపోయి ఉంది. బోణీ పడలేదట, అందుకే గుడివాడ వెళ్ళే మేత లారీ కాలవ గట్టు మీద పక్కకి ఒరిగిందట. ప్యాకేజీ మొత్తాన్నీ తెరిచే పెద్ద పాస్‌వర్డు ఆయన దగ్గరే ఉంది కాబట్టి నా పాస్‌వర్డు మళ్ళీ పాతదానికే తిప్పేశారు. పటం కింద చీటీ మీద పసుపు తాజాగా మెరుస్తోంది. పాప ఖర్చులకి జీతం కావాలి, తల వంచుకుని పని చేసుకున్నాను.

ఆ కంపెనీలో సగం డబ్బు ఇంకొకాయనది, మేమంతా పెద్దాయన అనేవాళ్ళం. బందరు దగ్గర సముద్రం మీద వేట చేసుకుని, చేపల వ్యాపారంలో పైకొచ్చిన మనిషి. కంప్యూటర్ జోలికి వచ్చేవారు కాదు. నెలకోసారి వచ్చి, యజమాని చెప్పింది విని, మా అందరికీ ఎండు రొయ్యలు పంచి వెళ్ళేవారు. ఆ ఏడు సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు ఆయన ఎండు రొయ్యలు లేకుండా వచ్చారు. ఎవరో ఆడిటరుతో లెక్కలు తీయించుకున్నారట. నన్ను యజమాని గదిలోకి పిలిపించి, కాగితాల కట్ట నా ముందు పెట్టారు. ప్రతి కాగితం మీదా తడిసిన బస్తాలు, ప్రతి బస్తా పక్కనా నా పేరు.

అరవలేదు ఆయన. అరిస్తే బాగుండేది.

"నా బిడ్డ ఈడుదానివి. అందుకని ఈ ఏడు పుస్తకాలు మూసేదాకా ఆగుతాను. ఏప్రిల్ ఒకటో తారీకు కొత్త లెక్కల పూజకొస్తాను. ఆలోపు నిజం చెప్పావా సరేసరి, లేదా ఈ కాగితాలు స్టేషన్లో ఇస్తా తల్లీ" అన్నారు.

నేను కాదండీ, ఆ రోజుల్లో నేను సెలవులో ఉన్నానండీ అన్నాను. సెలవులో ఉన్నా ఎక్కడి నుంచైనా చెయ్యొచ్చంట కదా, అదే దాని గొప్పంట కదా అన్నారాయన. నిజమే, అదే దాని గొప్ప. నేను యజమాని వైపు చూశాను. నా పాస్‌వర్డు పటం కింద ఉందని ఒక్క ముక్క చెబితే చాలు. ఆయన బల్ల మీద అద్దం కింద పెట్టిన దేవుడి బొమ్మ వైపు చూస్తూ కూర్చున్నారు. నేనే చెప్పాను. పెద్దాయన హాల్లోకి వెళ్ళి చూశారు. పటం కింద చీటీ లేదు. పసుపు మరక కూడా తుడిచేసి ఉంది.

పెద్దాయన కారు వెళ్ళిపోయాక నేను ఆ గదిలోంచి కదల్లేదు. ఎందుకు చేశారు సార్, చేస్తే చేశారు, నా పేరే ఎందుకు అని అడిగాను. ఆయన కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. పెళ్ళి ముహూర్తం మాట్లాడుతున్నంత మెల్లగా చెప్పారు.

"చెడ్డ పని కదమ్మా. ఇంకెవరి పేరు పెట్టినా బెడిసికొట్టుద్ది. నీ చెయ్యయితే కలిసొచ్చుద్దని పెట్టాను."

ఇన్నేళ్ళూ నేనూ భాయ్ గారూ వెనకాల నవ్వుకున్న మాటే అది. ఆయన మాత్రం ఒక్కరోజు కూడా నవ్వలేదు. నువ్వేం కంగారు పడకు, నీ పేరుంది కాబట్టి ఏం కాదు అని కూడా ధైర్యం చెప్పారు. ఆ ధైర్యం చెప్పడం చూసి నేను ఇంక అక్కడ నిలబడలేకపోయాను. బ్యాగు తీసుకుని బయటికొచ్చేశాను. గుమ్మం దాకా వచ్చిన భాయ్ గారిని, నా పేరు ఆ ప్యాకేజీలోంచి తీసేయించండని బతిమాలాను. తీయడం కుదరదు మేడమ్, దాని కింద ఎంట్రీలున్నాయి కదా, అది అలా ఉండిపోవాల్సిందే అన్నారు. తనకీ ముగ్గురు పిల్లలున్నారని కూడా అన్నారు. నేను అడగలేదు ఆ మాట.

ఉద్యోగం మానేస్తే పీడ వదులుతుందనుకున్నాను. మా ఆయన ఎక్స్‌రే ల్యాబులో పని చేసేవారు, తక్కువ మాట్లాడే మనిషి. పోలీసులదాకా వెళ్తే పాపని ఎవరు చూస్తారు అన్నది ఒక్కటే అడిగారు. వీధిలో జీపు చప్పుడైతే పాపని ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక, పాపని పక్కింట్లో పెట్టి, సెంటర్లో ఉన్న నెట్ సెంటరుకి వెళ్ళాను. ప్యాకేజీ అడ్రసు కొట్టాను. నా పేరు, ఆ పాత పాస్‌వర్డు కొట్టాను. తలుపు తెరుచుకుంది.

పొద్దున బోణీ పడి ఉంది. పూలు, కర్పూరం, నా పేరు. ఉద్యోగం మానేసినదాన్ని రోజూ టైముకి డ్యూటీకి వస్తున్నాను. చూస్తూ ఉండగానే కింద ఇంకో లైను వచ్చి పడింది. తడిసిన బస్తాలు. నా పేరు. టైము అప్పటిదే. నేను పటమట నెట్ సెంటర్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాను, రెండు వీధుల అవతల నేను ఎంట్రీ కొడుతున్నాను. కీబోర్డు మీద చెయ్యి వెయ్యడానికి కూడా భయం వేసింది. పక్క సీటులో ఎవరో రైలు టిక్కెట్టు బుక్ చేసుకుంటున్నారు. చల్లటి ఏసీలో నా వీపంతా తడిసిపోయింది.

ఇంటికొచ్చి చాలాసేపు పాపకి అన్నం తినిపించాను. తినిపిస్తూ ఉండగా కోపం వచ్చింది. భయం పోయి వచ్చిన కోపం కాదు, భయంతో పాటే వచ్చింది. నా పేరు ఇంకొకరు వాడుకుంటున్నప్పుడు నేనొక్కదాన్నే వాడుకోకూడదా?

మా ఆఫీసులో ఏప్రిల్ ఒకటో తారీకున ఒక పద్ధతి ఉండేది. కొత్త లెక్కల మొదటి ఎంట్రీ పడగానే కర్పూరం వెలిగించి, భాగస్తులిద్దరూ, స్టాఫూ నిలబడి ఉండగా, యజమాని ఆ మొదటి లైను పైకి చదివేవారు. పుస్తకాల రోజుల నుంచీ ఉంది అది. ఏడాదంతా ఆ లైను ఎలా ఉంటే అలా నడుస్తుందని ఆయన నమ్మకం.

ఆ రోజు తెల్లవారగానే స్నానం చేసి వెళ్ళాను. నెట్ సెంటరతను ఇంకా ఊడుస్తున్నాడు. బతిమాలి ఒక సిస్టమ్ ఆన్ చేయించుకున్నాను. కొత్త సంవత్సరం లెక్క ఖాళీగా ఉంది. మొదటి ఎంట్రీ కొట్టాను, పూలు, కర్పూరం, పదకొండు రూపాయలు. వివరం రాసే చోట ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశాను. ఈ బోణీ నేనే చేస్తున్నాను, తడిసిన బస్తాలు నావి కావు, ఆఫీసు తాళం తియ్యక ముందే ఈ ఎంట్రీ నా పేరు మీద ఎలా పడిందో, ఉద్యోగం మానేశాక కూడా నా పేరు మీద రోజూ ఎంట్రీలు ఎలా పడుతున్నాయో ఇక్కడున్నవాళ్ళని అడగండి అని. సేవ్ నొక్కాను. ఇంక అది చెరగదు.

పూజ దగ్గర జరిగింది భాయ్ గారు తర్వాత చెప్పారు. యజమాని అందరి ముందూ నా పేరు మీద బోణీ వేసి, కర్పూరం వెలిగించి, మొదటి లైను చదవబోయి ఆగిపోయారట. ఆయన వేసింది రెండో లైను అయింది. పెద్దాయన చదవమన్నారట. యజమాని చదవలేదు. అప్పుడు పెద్దాయన భాయ్ గారి వైపు తిరిగారు. భాయ్ గారు చదివారు. చివరిదాకా చదివి, చీటీ పటం కింద ఉండేదండీ, నేనూ చూశాను అని కూడా చెప్పారట. ఆ మాట చెప్పడానికి ఆయనకి ఎంత ధైర్యం కావాల్సి వచ్చిందో నాకు తెలుసు, అందుకే ముందు మాట్లాడనందుకు ఆయన్ని ఏమీ అనలేకపోయాను.

మధ్యాహ్నం యజమాని ఫోను చేశారు. తిట్లకి సిద్ధపడి ఎత్తాను. ఆయన ఏడుస్తున్నారు.

"ఏడాదికి మొదటి లైను అమ్మా అది. నీ చేత్తో అలా రాసేశావేంటమ్మా?"

"మీరే కదండీ నా చెయ్యి మంచిదన్నారు" అన్నాను.

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు.

పెద్దాయన కాగితాలు స్టేషన్లో ఇచ్చారు, నా పేరు మీద కాదు. ఆయన వాటా ఆయన లాక్కున్నారు. చెరువులవాళ్ళు ఒక్కొక్కరే వేరే కంపెనీ మేతకి మారిపోయారు. ఎండాకాలం పోయి వానలు మొదలయ్యాక, ఇన్నాళ్ళూ ఉత్తుత్తి వానకి తడిసిన గోడౌనులోకి నిజంగానే నీళ్ళొచ్చాయి, మిగిలిన బస్తాలన్నీ మునిగిపోయాయి. దసరా నాటికి ఆఫీసు షట్టరుకి టులెట్ బోర్డు. యజమాని ఇల్లు అమ్ముకుని ఎటో వెళ్ళిపోయారు. వెళ్ళేముందు వాళ్ళావిడ భాయ్ గారితో, అంతా ఆ అమ్మాయి చేతి మహిమే అన్నదట. భాయ్ గారు నవ్వుతూ చెప్పబోయారు గానీ నవ్వు రాలేదు. నాకూ రాలేదు.

నేను ఇవన్నీ నమ్మను. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. నా పేరు నేను దక్కించుకున్నాను, పాప నా దగ్గరే పెరిగింది, చేసిన పనికి ఒక్కరోజు కూడా బాధపడలేదు. పొద్దున్నే పటమట రైతు బజారుకి వెళ్తాను. వంకాయలమ్మే ఆవిడ అప్పుడే గోనె పరుచుకుని, రండమ్మా, బోణీ చెయ్యండి అని పిలుస్తుంది. సంచీ సర్దుకుంటున్నట్టు కాస్త ఎడంగా నిలబడతాను. నాకంటే ముందు ఎవరో ఒకరు కొనుక్కుని వెళ్ళాకే ఆవిడ దగ్గరికి వెళ్తాను.